బూరుగుపేటలో కునుకు తీయరాదు

నమోదు 1. చెక్క వేయకముందు

గవ్వలపాలెం పేట తరఫున ఈ ఆదివారపు బూరుగుపేట యాత్రకు అధికార చరిత్రకారుడిగా నన్ను నేనే నియమించుకున్నాను. పోటీకి ఎవరూ నిలబడలేదు. పేటల చరిత్రలో పట్టా పుచ్చుకుని, ఇంటి అడుగున చేరే నీళ్ళు తోడటమే ఉద్యోగంగా బతుకుతున్నవాణ్ణి. తోడటం కాక ఇంకో పని కూడా చేతనవునని అమ్మకు రుజువు చూపాల్సిన అగత్యం ఏర్పడింది. అందుకని అరచేతి పలక మీద ఈ నమోదులు. భావితరాల పరిశోధకులు చదువుకుని తరించగలరు.

పొద్దుటి పనులు యథావిధిగా జరిగినవి. నీళ్ళు తోడితిని. ఎండరేకుల మీద పేరుకున్న ఉప్పు తుడిచితిని. అక్క పేట అంచుకు వెళ్ళి తాళ్ళకు చెవి ఆనించి వచ్చింది.

ఈ మూడోది ఇప్పుడు పని కింద లెక్క కాదు. పోయిన వానాకాలం దాకా లెక్కే. నీటిపట్నంలో పేటలన్నీ నీళ్ళ మీదే ఉంటాయి కనుక, ఒక దాన్ని ఇంకోదానికి కట్టే తాళ్ళు ఎక్కడ కీచుమంటున్నాయో, ఎక్కడ పురి వదులుతున్నాయో ఎవరో ఒకరు వింటూ ఉండాలి. మా పేటకు ఆ ఎవరో ఒకరు మా అక్క సౌగంధి. తర్వాత గట్టితాళ్ళు వచ్చాయి. వాటికవే బిగుసుకుంటాయి, వాటికవే సడలుతాయి, ఒంట్లో బాగుండకపోతే వాటికవే కబురు పెడతాయి. అక్కకు శాలువా కప్పి, దండ వేసి, ఇక హాయిగా పడుకో తల్లీ అన్నారు.

ఆ రోజు నుంచి అక్క పడుకోలేదు.

కవిత్వం చెబుతున్నానని అనుకునేరు. నిజంగానే పడుకోలేదు. మంచం ఎక్కుతుంది, కళ్ళు మూస్తుంది, ఎక్కడో ఏదో కిర్రుమన్నట్టు ఉలిక్కిపడి లేస్తుంది. తలకు నూనెలు, గసగసాల పాలు, మూలికలు, మంత్రాలు, నా కవితా పఠనం, అన్నీ ప్రయోగించాం. చివరిదానికి పక్కింటివాళ్ళు పడుకున్నారు గానీ అక్క పడుకోలేదు. ఇప్పుడు ఆమె చేతిలో గ్లాసు పెడితే నీళ్ళు ఒలుకుతాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగి, ఏం చెబుతున్నానురా అని నన్నే అడుగుతుంది. మొన్న వైద్యుడు అమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. బయటికి వచ్చాక అమ్మ చాలాసేపు గొడుగు తెరవలేక దానితో కుస్తీ పట్టింది. ఆ గొడుగు తెరిచే ఉంది.

ఇవాళ అక్కను తీసుకెళ్ళమన్నది అమ్మే. కొత్త గాలి తగిలితే మంచిదని ఒక కారణం. రెండో కారణం నేను. కూర్చుంటే కూర్చున్నచోట, నిలబడితే నిలబడ్డచోట నిద్రపోగల విద్య నాకు పుట్టుకతో అబ్బింది. బూరుగుపేటలో నిద్రపోతే ఇక అంతే.

"వీణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండవే" అంది అమ్మ అక్కతో. "నీకెలాగూ..."

అని ఆగిపోయింది.

నమోదు 2. చెక్క దాటిన తర్వాత

బూరుగుపేట బయటి కడలి చుట్టూ పెద్ద చుట్టు తిరిగి నాలుగేళ్ళకోసారి మా పక్కకు వస్తుంది. ఒక్క పగలు ఆనుకుని ఉంటుంది. పొద్దు వాలితే తాళ్ళు విప్పుకుని పోతుంది. బయటి కడలికి కబురు కూడా అందదు. కిందటిసారి పోటు ఎక్కువై రెండు పేటల మధ్య చెక్క వేయనే లేదు. అంతకుముందుసారి నాకు ఆటలమ్మ పోసి ఇంటిల్లిపాదినీ కదలనివ్వలేదు. దానికి ముందు మేం మరీ పిల్లలం. కనుక మా ఇద్దరికీ ఆ పేట కొత్త.

దాటేవాళ్ళందరికీ మా గట్టుపెద్ద తలా ఒక పచ్చిమిరపకాయ ఇచ్చాడు. కళ్ళు మూతలు పడితే కొరకడానికి. నాకు మూడు ఇచ్చాడు. ఇందులో ఉన్న అవమానాన్ని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను.

"చూసి రండి, తిని రండి. నడుం మాత్రం వాల్చకండి" అన్నాడు, ఎప్పుడూ అనే మాటే.

సంగతి తెలియని పరిశోధకుల కోసం: ఎక్కడ నిద్రపోతే అక్కడి మనిషి. వెనకటికి తాళ్ళు తెగి పేటలు చెల్లాచెదురైనప్పుడు, ఎవరు ఎవరివాళ్ళని తగువులు వచ్చాయి. అప్పటి పెద్దలు తేల్చిన మాట ఇది. మెలకువలో మనిషి ఏమైనా చెబుతాడు. నమ్మకం లేనిచోట కన్ను మాత్రం మూతపడదు. కాబట్టి నిద్రే సాక్ష్యం. చివరి తాడు విప్పేలోగా తనంతట తాను మేలుకుంటే వెనక్కి రావచ్చు. మేలుకోకపోతే ఆ పేటతోనే పోవాలి. ఇంకెవరూ లేపకూడదు. నిద్రపోయేవాళ్ళను లేపిన పేటకు మళ్ళీ ఏ పేటా చెక్క వేయదు. ఉప్పూ పప్పూ పెళ్ళిసంబంధాలూ అన్నీ చెక్కల మీదుగానే వస్తాయి కనుక ఈ మాటను ఎవరూ దాటరు.

అవతలి ఒడ్డున మొదటి అడుగు వేశాను. చప్పుడు కాలేదు. అనుమానం వచ్చి ఇంకోటి గట్టిగా వేశాను. అదీ కాలేదు. ఉన్నానో లేదోనని నా చెయ్యి నేను గిల్లుకున్నాను. ఉన్నాను. వీధులన్నీ దూది కూరిన గోనెపట్టాలు పరిచి ఉన్నాయి.

నమోదు 3. బజారు వీధి

బూరుగుకాయలు పగిలే కాలం. వీధికి రెండు వైపులా తొట్లలో బూరుగు చెట్లు. దూది కిందికీ పడదు, పైకీ పోదు. ఏ పనీ లేని చుట్టంలా గాలిలో తీరిగ్గా తిరుగుతోంది. అక్క జడలో చేరింది. నా మీసంలో చేరింది. (మీసం ఉన్నదని అక్క ఒప్పుకోదు. దూది ఒప్పుకుంది.)

మా పేట అలల మీద గతుకుల్లో బండిలా ఎగిరెగిరి పడుతుంది. ఇది అలా కాదు. ఒక వైపుకు నెమ్మదిగా ఒరిగి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, రెండో వైపుకు వస్తుంది. నడుస్తున్నామో, ఎవరైనా మమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతున్నారో తెలియడం లేదు.

ఒక మంగలి దుకాణం ముందు ఆగాం. కుర్చీలో ఒక పెద్దమనిషి సబ్బు నురుగు ఎండిపోయిన ముఖంతో నిద్రపోతున్నాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది. రెండోది అడవి. మంగలి చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఎంతసేపయిందండీ అని గొంతు తగ్గించి అడిగాను.

"నిన్న మజ్జానం కూకున్నారండి. ఒక బుగ్గయింది."

"మరి రెండోది?"

"ఆయన లెగిసినప్పుడండి."

వెనక బల్ల మీద వంతు కోసం ఎదురుచూసే ముగ్గురూ కూడా ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి నిద్రలోనే ఉన్నారు. ఇంత ఓపిక గల వరుసను నేను ఏ పేటలోనూ చూడలేదు.

అక్క నవ్వింది. చిన్న నవ్వే, గొంతులోంచి వచ్చింది. మూడు ఋతువులుగా వినని చప్పుడు అది. నేను పలక మీద గీస్తున్నట్టు నటించి, తల ఎత్తకుండా, ఆ నవ్వు పూర్తిగా అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

నమోదు 4. ఇంకా బజారు వీధే

టీకొట్టులో రెండు రకాల టీ. అర మెలకువ, పూర్తి మెలకువ. పూర్తిది అడిగితే కొట్టాయన నన్ను జాలిగా చూసి, ఊరికి కొత్తా బాబూ అన్నాడు. పక్కన బొమ్మల హాలు. తొంగిచూశాం. టిక్కెట్టు కొన్నవాళ్ళంతా నిద్రపోతున్నారు. తెర మీద కథానాయకుడు ఒక్కడే మేలుకుని, ఎవరికీ వినపడని గొంతుతో ఎవరితోనో పోట్లాడుతున్నాడు. తలగడల కొట్టులో ఒక ముసలాయన నా తలను రెండు చేతుల్లో పట్టుకుని తూచి, మీకు ఎడం పక్కన ఆలోచనలు తక్కువండి, దూది ఎక్కువ పట్టుద్ది అన్నాడు. అక్క దానికి కూడా నవ్వింది. రెండుసార్లు. అవమానానికి ఫలం దక్కింది.

నా పరిస్థితి మాత్రం విషమంగా ఉంది. కనురెప్పలు నా మాట వినడం మానేశాయి. ఒక మిరపకాయ అయిపోయింది. రెండోదాని తొడిమ మిగిలింది. నేను ఆవలించినప్పుడల్లా అక్క నా మోచేతి పైన గిల్లుతోంది. ఆమె చేతికి ఇంత బలం ఎక్కడిదో తెలియదు. అమ్మ ఎన్నిక సరైనదని ఒప్పుకుంటున్నాను.

నమోదు 5. భోజనం

ఇక్కడ గుమ్మానికి విస్తరాకు వేలాడదీసిన ఇంట్లోకి ఎవరైనా వెళ్ళి తినొచ్చు. పేట చివర ఒక ఇంటికి రెండు ఆకులు వేలాడుతున్నాయి. మనం ఇద్దరమే కదా, పిలిచినట్టే ఉంది అన్నాను. ఇంటాయన పేరు జగ్గారావు. పొట్ట మీద తువ్వాలు, చేతిలో గరిటె. కళ్ళు మాత్రం అర మెలకువ.

ముద్దపప్పు, నాచు పచ్చడి, ఎండురొయ్యల ఇగురు, గడ్డపెరుగు. ఇవి భోజన పదార్థాలు కావు, నా మీద పన్నిన కుట్ర. చాలండీ అంటే చాలన్నమాట ఈ పేటలో ఎవరికీ అర్థమయినట్టు లేదు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నా తల రెండుసార్లు విస్తరి దాకా వెళ్ళి వచ్చింది. మూడోసారి అక్క జుట్టు పట్టుకుని ఆపింది.

జగ్గారావు ఒక గిన్నెలో అన్నం సర్దుతుంటే, ఎవరికండీ అని మాటవరసకు అడిగాను.

"మా ఆడోళ్ళకండి. తాళ్ళ కాడుంది. వింటా ఉంటది గదా, తిండికి రాదు."

అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

"ఏం వింటారు?"

"తాళ్ళండి. కొబ్బరిపీచు తాళ్ళు. మా పేటకి ఇంకా కొత్తవి రాలేదండి. పెద్దోళ్ళు వద్దన్నారు."

అక్క చెయ్యి కడుక్కుంది. గిన్నె నేను తీసుకెళ్తానని అడిగింది. ఇలా ఇవ్వండి అనడంలో ఆమె గొంతు, పెళ్ళిలో బూందీ పళ్ళెం కోసం చెయ్యి చాచే పిల్లల గొంతులా ఉంది.

నమోదు 6. తాళ్ళ కొట్టాం

పేట అంచున తాటాకు కప్పిన కొట్టాం. నాలుగు తాళ్ళు నాలుగు గుంజలకు బిగించి ఉన్నాయి. మనిషి తొడంత లావు. అవతలి కొసలు మా గవ్వలపాలెం అంచునే ఉన్నాయి, మధ్యలో బారెడు నీళ్ళు. మధ్య గుంజ దగ్గర ఒకావిడ పీట వేసుకుని, తాడుకు చెవి ఆనించి కూర్చుంది. నెరిసిన జుట్టు, ఒక చెవికే కమ్మ. తాడుకు ఆనించే చెవికి లేదు. అక్కకు కూడా లేదు. ఆ విషయం ఇద్దరూ ఒకేసారి చూసుకున్నారు.

ఆవిడ పేరు నాంచారమ్మ. తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది చరిత్రకారుడికి సగం అర్థమైంది. నాలుగో తాడు మూలుగుతోందని అక్క అంది. మూలుగు కాదమ్మా, ఆవులింత, పోటు తిరిగే ముందు అలాగే ఉంటది అందావిడ. అక్క వెళ్ళి చెవి పెట్టింది. చాలాసేపు విని, అవును అంది. ఒక తాడుకు పాలు తాగే దూడ చప్పుడు వస్తుందట. ఒకటి పగలంతా మాట్లాడదట. మా పేటలో కొత్త తాళ్ళు ఎలా ఉంటాయని ఆవిడ అడిగింది.

"ఏమీ చెప్పవు పిన్నీ" అంది అక్క. "అంతా బాగానే ఉందంటాయి. ఎంత చెవి పెట్టినా అదే మాట. నాకు నమ్మకం కుదరదు. అందుకే వింటూనే ఉంటాను."

"రేయంతానా?"

"పగలు కూడా."

నాంచారమ్మ గిన్నె మూత తీయకుండా పక్కన పెట్టింది. అక్క ముఖాన్ని, తాడును చూసినట్టే చూసింది. ఎక్కడ పురి వదిలిందో వెతుకుతున్నట్టు. తర్వాత గుంజల వెనక వేలాడే పేము అల్లిన ఉయ్యాలబల్ల చూపించింది.

"నాను వింటన్నాను గదమ్మా" అంది. "నువ్వలగ కూకో."

ఇక్కడ ఒక విషయం నమోదు చేయాలి. ఆ క్షణంలో నేను కొట్టాం బయట నా మూడో మిరపకాయ కోసం జేబులన్నీ తడుముకుంటున్నాను. అది అక్క దగ్గర ఉంది. నేను పారేసుకుంటానని ముందే లాక్కుని పిడికిట్లో పెట్టుకుంది. కాపలాదారు అంటే అలా ఉండాలని రాసుకుని, ఈ వాక్యం ఆమెకు వినిపించి నవ్విద్దామని లోపలికి వెళ్ళాను.

నమోదు 7. అదే చోటు

అక్క నిద్రపోయింది.

నమోదు 8. కొంతసేపటికి

పై నమోదును మార్చడం లేదు. ఎన్నిసార్లు చూసినా అదే నిజం.

కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగి, చెంప ఉయ్యాలబల్లకు ఆన్చి, నోరు కొంచెం తెరిచి. ఊపిరి పేట ఊగే తీరులోనే వస్తోంది. కుడిచేతి పిడికిట్లో నా మిరపకాయ.

లేపకూడదు. అయితే పక్కన నిలబడి దగ్గకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. దగ్గాను. మొదట మర్యాదగా, తర్వాత క్షయరోగిలా. జగ్గారావు వచ్చి, మీ దగ్గు శానా బాగుందండి, బయటకెళ్ళి దగ్గండి అన్నాడు. నీళ్ళచెంబు చేయి జారింది. అది నేలను తాకేలోగా కింద దూదిపరుపు ఉంది. ఆయన ఎప్పుడు పెట్టాడో తెలియదు. మూలనున్న బల్ల జరిపాను, దాని కాళ్ళ కింద దూది. తలుపు వేశాను, సందులో దూది. నేను ఏ వస్తువు వైపు చూస్తే ఆయన ఆ వస్తువు కింద దూది పెడుతున్నాడు. చివరికి నా మీద నాకే కోపం వచ్చి తల గుంజకు కొట్టుకోబోతే, అక్కడ కూడా తలగడ. ఎడం పక్కన దూది కాస్త ఎక్కువే ఉంది.

పొద్దు పడమటికి జరిగింది. మా పేటవాళ్ళు ఒక్కొక్కరే తలగడలు చంకన పెట్టుకుని వెనక్కి దాటుతున్నారు. అందరూ నన్ను చూసి, ఇంకా మేలుకునే ఉన్నావా అని ఆశ్చర్యపడుతున్నారు. నేను నిద్రపోతానని పందెం కాసినవాళ్ళు ఓడిపోయారు. గెలిచినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

నాంచారమ్మ తాడు వదలకుండానే మాట్లాడింది. పేటతో రావాలనుకుంటే నేనూ రావచ్చునట. పక్కన ఇంకో చాప ఉందట. నియమం అందరికీ ఒకటే, నిద్రపోతే చాలు.

ఇదేమంత పనా అనుకున్నాను. నాలుగేళ్ళు అక్క పక్కన. అమ్మకు ఎవరైనా కబురు చెబుతారు. నీళ్ళు ఎవరైనా తోడతారు. మిగతాది తర్వాత ఆలోచించవచ్చు. నా పుట్టుకకు ప్రయోజనం ఇదే కాబోలు. చాప పరుచుకుని అక్క పాదాల దగ్గర పడుకున్నాను. జగ్గారావు తలగడ ఇచ్చాడు, దుప్పటి కప్పాడు.

కళ్ళు మూశాను. తెరుచుకున్నాయి. మళ్ళీ మూశాను. పక్కకు తిరిగాను, బోర్లా తిరిగాను, వెనక నుంచి లెక్కపెట్టాను, నా సొంత కవిత మనసులో చదువుకున్నాను. పెరుగన్నం ముందు రెండుసార్లు నన్ను విస్తరిలో ముంచిన నిద్ర ఇప్పుడు నా చుట్టుపక్కల ఎక్కడా లేదు. తాళ్ళు ఎప్పుడు విప్పుతారోనని చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అలల చప్పుడు. గుంజ కిర్రు. ఎవరో నడిచిన గాలి. ప్రతిదీ వినిపిస్తోంది.

మా అక్క మూడు ఋతువుల పాటు ఎలా పడుకుందో నాకు కాసేపు తెలిసింది. ఆ కాసేపే భరించలేక లేచి కూర్చున్నాను.

నమోదు 9. తాళ్ళు విప్పేముందు

నాంచారమ్మ లేచింది. పీట తీసి మొదటి గుంజ దగ్గర, మాకు వీపు పెట్టి వేసుకుంది.

"బాబూ" అంది. "ఇప్పుడు మొదటి తాడు చూడాల. చెవులు రెండూ దాని మీదే ఉంటాయి. ఇంకేటీ ఇనపడదు నాకు." జగ్గారావును కూడా ఏదో పని మీద పంపించేసింది.

నాకు అర్థమైంది. భుజం మీద ఒక్క తట్టు చాలు. ఎవరూ చూడరు, ఎవరూ వినరు, తనంతట తనే లేచిందంటే ఎవరూ కాదనరు. పేటకు మాట రాదు. అక్కను ఇంటికి తీసుకెళ్తాను. సాయంత్రానికి అమ్మ అన్నం వడ్డిస్తుంది. రాత్రికి అక్క మంచం ఎక్కుతుంది, కళ్ళు మూస్తుంది.

తర్వాత?

చెయ్యి చాచాను. ఆమె భుజానికి జానెడు దూరంలో నా చెయ్యి చాలాసేపు ఉంది. బుగ్గ మీద ఉయ్యాలబల్ల పేము అచ్చుపడి ఎర్రగా ఉంది. కళ్ళ కింద నలుపు అలాగే ఉంది గానీ, నుదుటి మీద ఎప్పుడూ ఉండే ఆ రెండు గీతలు లేవు. అవి నుదుటితో పాటే పుట్టాయనుకున్నాను ఇన్నాళ్ళూ.

నా చెయ్యి భుజం దాటి కిందికి వెళ్ళి పిడికిట్లోంచి మిరపకాయ తీసింది. నిద్రలో కళ్ళు నులుముకుంటే మండుతుంది కదా. ఒక్కో వేలూ విప్పి తీశాను. ఆమె కదల్లేదు. ఒడ్డు వైపు వెళ్ళే దారిలో ఆ మిరపకాయ నేనే తిన్నాను. చెక్క దాటేటప్పుడు నా కళ్ళ నీళ్ళకు ఒక గౌరవప్రదమైన కారణం ఉండాలి.

నమోదు 10. చెక్క తీశాక

ముందు చెక్క తీస్తారు, తర్వాత తాళ్ళు ఒక్కొక్కటే. నేను మా పేట అంచున నిలబడ్డాను. మొదటి తాడు విడిపోయింది. రెండోది. మూడోది. బూరుగుపేట మూల నెమ్మదిగా పక్కకు తిరగడం మొదలుపెట్టింది. అవతల నాంచారమ్మ నాలుగో తాడు ముడిలో వేళ్ళు పెట్టింది.

ముడి సడలగానే తాడు చిన్నగా మూలిగింది. నాకు కూడా వినిపించింది. ఆ చప్పుడుకు అక్క లేవకుండా ఎలా ఉంటుంది?

అక్క కొట్టాం లోంచి బయటికి వచ్చింది. జుట్టు నిండా దూది, బుగ్గ మీద పేము అచ్చు, ఎక్కడుందో ఇంకా సగమే తెలిసిన ముఖం. అంచు దాకా వచ్చి నిలబడింది. మధ్యలో ఇంకా బారెడు నీళ్ళే. నాంచారమ్మ ముడి విప్పడం ఆపింది. అక్క వైపు చూడలేదు. నీళ్ళ వైపు చూస్తూ ఊరికే తాడు పట్టుకుని నిలబడింది.

మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచాను.

"దూకక్కా. పట్టుకుంటాను."

అక్క నీళ్ళ వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది. నా వెనక మా ఇళ్ళ వైపు, తళతళలాడుతూ వాటికవే బిగుసుకునే మా తాళ్ళ వైపు చూసింది. అప్పుడు ఒక ఆవులింత వచ్చింది ఆమెకు. నిండుగా, తీరిగ్గా, నోటికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా. అంత పెద్ద ఆవులింత నేను కూడా ఎప్పుడూ ఆవులించలేదు.

"ఒరేయ్ ముకుందం" అంది. "నేను ఇంకాసేపు పడుకుంటానురా."

నా చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"అమ్మకు చెప్పు" అంది. "నువ్వు వేళకు తిను."

కొట్టాం లోకి వెళ్ళిపోయింది. ఉయ్యాలబల్ల గొలుసు ఒక్కసారి కిర్రుమని ఆగింది. నాంచారమ్మ కొంతసేపు చూసి, ఇక ఎవరూ బయటికి రావడం లేదని తేల్చుకుని, ముడి విప్పింది. పేట వెళ్ళిపోతున్నట్టు లేదు. ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకుని, ఇంకాస్త దూరంగా ఒరిగినట్టు ఉంది. జగ్గారావు ఇంటి గుమ్మానికి రెండు విస్తరాకులు ఊగుతూ కనిపించాయి, కనిపించినంతసేపు.

నమోదు 11. ఒడ్డున

యాత్ర ముగించుకున్నవాళ్ళు, వాళ్ళను ఎదురుకోవడానికి వచ్చినవాళ్ళు, తలగడల బేరాలు ఆడేవాళ్ళు, పిల్లల్ని వెతుక్కునేవాళ్ళు, ఒడ్డంతా గోలగా ఉంది. అందులోంచి అమ్మ వచ్చింది. ముందు నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. తర్వాత నా పక్కన చూసింది, నా వెనక చూసింది.

"అక్కేదిరా?"

ఈ ప్రశ్నకు జవాబు దారంతా కూర్చుకున్నాను. నాలుగేళ్ళు ఎంతలో గడుస్తాయనీ, పిన్ని లాంటి ఆవిడ ఉందనీ, తిండికి లోటు లేదనీ, ఇంకా చాలా.

"నిద్రపోయిందమ్మా" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం ఆడే కొడుకును కనుక, అందులో వేళాకోళం ఎంత ఉందో వెతికింది. దొరకలేదు. అక్కడే ఒడ్డు మీద చతికిలపడింది. నేను కూడా పక్కన కూర్చున్నాను. ఏడుస్తుందేమో, నన్ను కొడుతుందేమో, ఎందుకు లేపలేదంటుందేమోనని చూశాను. బూరుగుపేట దీపాలు పెట్టుకునే వేళయింది. నీళ్ళ మీద వరసగా, మసకగా.

"ఎలా పడుకుంది?" అంది చివరికి.

"పక్కకు ఒరిగి."

"నోరు తెరుచుకుని పడుకుందా?"

"కొంచెం."

అమ్మ తల ఊపింది. "చిన్నప్పుడూ అంతే" అంది.

మా వెనక ఎవరో పెద్దగా నవ్వారు. తలగడ ధర గురించి ఇద్దరు గొంతు పెంచారు. అమ్మ వెనక్కి తిరిగి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. వాళ్ళకు అర్థం కాక, ఏమైంది పిన్నీ అన్నారు.

"మా సౌగంధి పడుకుంది" అంది అమ్మ.

ఆ మాట ఒడ్డంతా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళింది. గట్టుపెద్ద దాకా వెళ్ళింది, ఆయన చేతిలోని చెక్కను రెండు చేతులతో నెమ్మదిగా నేల మీద దించాడు. ఎక్కడ పడుకుందని ఎవరూ అడగలేదు. నీళ్ళ మీద దీపాల వరస ఇప్పుడు గుప్పిట్లో పట్టేంత ఉంది. ఇంత దూరం నుంచి ఎవరెంత అరిచినా అక్కడికి వినపడదని అందరికీ తెలుసు.

ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు.